వ్యాను పిన్ని, ఊదారంగు సిరా

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభైమూడో సంవత్సరం, మార్చి ఏడో తేదీ, సోమవారం. పొద్దున్న ఎనిమిదింటికే ఎండ చిటపటలాడుతోంది. గాలి ఉన్నమాట నిజమే కాని, అది పొయ్యి ఎదుట కూర్చున్నవారి మొహాన కొట్టే గాలి. ఆకాశం నీలంగానూ లేదు, తెల్లగానూ లేదు; తడిగుడ్డతో పదేపదే తుడిచిన పలకలా ఉంది. ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి ఘనత కాదు. నాటి హాజరుపట్టీలో మొదటి పీరియడు గడికి ఎదురుగా 'వ్యాను రాలేదు' అని నా చేత్తో రాసిన రెండు మాటలున్నాయి. పదవీ విరమణ నాడు ఆ పట్టీని చిత్తుకాగితాల గుట్టలోంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రెండు మాటల వెనక ఒక మనిషి ఉంది. ఆమె గురించి రాయాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. అనుకున్నవన్నీ రాసి ఉంటే ఈపాటికి అలమర చాలేది కాదు. ఆ సంగతి వేరు.

వ్యాను మూడో పీరియడులో వచ్చింది. 'వచ్చింది' అనడం మర్యాదకే. గేటు ముందరి ఎత్తు దగ్గర ఆగిపోతే పిల్లలు దిగి, రెండు పాఠాలు తప్పిన ఉత్సాహంతో, వెనకనుంచి తోసుకుంటూ తెచ్చారు. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుసబుసా లేస్తోంది. ఇంజను నోరు మూసుకున్నా డ్రైవరు హారను మాత్రం ఆపలేదు. ఆయనకు హారను తాత అని పేరు పెట్టిన పిల్లవాడెవడో తెలిస్తే వ్యాసరచనలో నాలుగు మార్కులు ఎక్కువ వేసి ఉండేవాణ్ణి. నెల తిరగకుండా ఇలా కావడం అది మూడోసారి.

ప్రయోగశాల మెట్ల మీదినుంచి అప్పుడామె దిగింది. చేతిలో కడిగిన పరీక్షనాళికల పళ్ళెం. దారిలో కనబడ్డ నా చేతిలో ఆ పళ్ళెం పెట్టి, వ్యాను దగ్గరికి పోయి, అరచేతిని బానెట్టుకు నాలుగంగుళాల ఎడంగా ఉంచి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసింది. తాత అప్పటికే గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తీయబోతున్నాడు.

"తియ్యకు తాతా. ఉడుకునీళ్ళు మొహాన పడ్డాయంటే నీకున్న అందం కాస్తా పోతుంది."

"ఉన్నదెంతని, పోవడానికి?" అన్నాడు తాత, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

బడిలో అందరికీ ఆమె వ్యాను పిన్ని. పిల్లలు పిలిచారంటే అర్థముంది. నాకంటే నాలుగేళ్ళే పెద్దదైన ఆమెను నేనూ పిన్ని అనే పిలిచాను. దస్త్రాల ప్రకారం ఆమె ప్రయోగశాల అటెండరు. తండ్రికి పెద్దరోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. నలుగురు ఆడపిల్లల్లో ఈమె మూడోది. తన అక్కలు అమ్మ కొంగు పట్టుకుని పెరిగితే తాను జాకీ పట్టుకుని పెరిగానని చెప్పుకునేది. భర్త దర్జీ, మా పిల్లల యూనిఫారాలు ఆయన కుట్టినవే. వాళ్ళ ముందుగదిలో ఒక గోడవైపు కుట్టుమిషను, ఎదుటి గోడకు వరసగా కొట్టిన మేకులు, మేకులకు రెంచీలు. రెంటికీ మధ్య నేల మీద దర్జీసుద్దతో గీసిన గీత ఒకటుండేది. గ్రీజు చేతులు ఆ గీత దాటి తెల్లగుడ్డ వైపు రాకూడదని ఆయన శాసనం. గీత రోజూ ఆయన గీసేవాడు, రోజూ ఆమె కుచ్చెళ్ళు చెరిపేసేవి. దాని మీద వాళ్ళిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు, పోట్లాడుకోకపోగానూ చూడలేదు. గడప మీద కూర్చుని గుండీలు ఏరే అత్తగారు వచ్చినవారందరికీ ఒకటే మాట చెప్పేది: తన కోడలు చెయ్యి వేస్తే ఇనుము కూడా మాట వింటుందట, తన కొడుకు మాత్రం ఎవరు చెయ్యి వేసినా వినడట.

వ్యాను ఆమె చేతికి రావడం ఒక ఫ్యాను బెల్టు పుణ్యం. అంతకు ముందేడు అది తెగి బండి మధ్యదారిలో ఆగిపోతే, అటుగా నడిచి వెళుతున్న ఈమె, భర్త కోసం కొన్న కాన్వాసు పట్టీని జడలా అల్లి బెల్టు స్థానంలో బిగించి పిల్లల్ని వేళకు బడికి చేర్చింది. ఆనాడే ప్రధానోపాధ్యాయులు తాళంచెవులు ఆమె చేతిలో పెట్టారు. కాగితం లేదు, నోటిమాటే. పొద్దున్న ఆరింటికల్లా వచ్చి వ్యానుకు చెయ్యవలసినవి చేసి, తరవాత గాజుసామాను కడుక్కునేది. రెండు పనుల్లో ఏది ఇష్టమని ఒకసారి అడిగాను. "గాజుగొట్టాలు తిట్టవు, మెచ్చుకోవు మాస్టారూ. బండి రెండూ చేస్తుంది" అంది. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద సంగతి ఇమడ్చడం నాకు ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో చేతకాలేదు.

సోమవారం సాయంత్రం ప్రధానోపాధ్యాయులు ఆమెను గదికి పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను. వారి ఉత్తరాలకు మంచిప్రతి రాయడం నా వంతు. వచ్చేవారం బుధవారం, పదహారో తేదీన, పదో తరగతివారికి పరీక్ష. పిల్లలు ఇరవైరెండు మంది, పరీక్షాకేంద్రం పద్దెనిమిది కిలోమీటర్లు. గంట కొట్టాక అరగంట దాటితే లోపలికి రానివ్వరు. రానివ్వకపోతే ఏడాది పోతుంది. ఈ లెక్కంతా ఆయన నెమ్మదిగా చెప్పి, చివర ఒక మాట అన్నారు.

"సోమవారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ మరిగిందంటే బండి పట్నం గరాజుకు ఇచ్చేస్తాను. నువ్వు మళ్ళీ గాజుసామాను చూసుకుందువుగాని."

ఆమె సరేనని తలూపింది. వరండాలోకి వచ్చాక, తాళంచెవుల గుత్తిని కొంగులో ముడివేసుకోవడం, ఆ ముడిని రెండుసార్లు బిగించి చూసుకోవడం నా కంటపడింది.

ఇక్కడ మా ప్రధానోపాధ్యాయుల గురించి కొంత చెప్పాలి. ఆయన మంచివారు, మంచివారు కావడం వల్లనే దేన్నీ మరొకరికి వదిలేసేవారు కారు. పొద్దున్నే బడి చుట్టూ తిరిగి మూత ఉన్న ప్రతి వస్తువునూ తెరిచి చూసేవారు: మంచినీళ్ళ పీపా, సిరాబుడ్డి, సుద్దముక్కల డబ్బా, చివరికి వంటావిడ ఇంటినుంచి తెచ్చుకున్న క్యారియరు. ఆ జనవరిలో ఎవరో భుజబలం చూపించి కుళాయిని అతిగా బిగిస్తే అది మెడ విరిగి కార్యాలయమంతా చెరువైంది. ఆనాడు ఆయన ఒక ఉత్తరువు జారీచేయదలచి, దానికి భాష నన్ను కూర్చమన్నారు. నేను కూర్చిన వాక్యం ఇది: 'మూతలను గాని, కుళాయిలను గాని బలవంతముగా బిగించరాదు, మెల్లగా త్రిప్పి, శబ్దము వినబడగానే విడువవలెను.' నాలుగు బోర్డుల మీద తెల్లరంగుతో రాయించి నాలుగు చోట్ల వేలాడగట్టారు. ఒకటి వ్యాను షెడ్డులో. ఆ వాక్యంలో ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. అటూ ఇటూ పోతూ ఆ బోర్డు వైపు ఒక చూపు చూడటం నాకు అలవాటైందని ఒప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గుపడను.

మంగళవారం ఉదయం పిన్ని నా గదికి వచ్చి పాత పత్రికలు అడిగింది. షెడ్డు పక్కగదే నా మకాం. పత్రికలు తేదీలవారీగా దొంతులు పెట్టి దాచుకునేవాణ్ణి. అవి తీసుకుపోయి, సాయంత్రం వ్యాను రాగానే దాని కింద పుటలు వరసగా పరిచింది. నీళ్ళు ఎక్కడ కారితే అక్కడి పుట తడుస్తుంది. ఏ పుట తడిసిందో చూస్తే పైన ఏ భాగం చెడిందో తెలుస్తుంది. ఇది ఆమె తండ్రి పద్ధతి. ఒకసారి ఊళ్ళో డాక్టరుగారి కారుకు ఇలాగే పరిస్తే మచ్చ సరిగ్గా సంతాప ప్రకటనల మీద పడింది. వాటర్ పంపు పోయిందని ఈమె చెపుతున్నా డాక్టరుగారు ఆ పుటలోని పేర్లే చదువుతూ నిలబడ్డారట, తన దగ్గరికి వచ్చినవారెవరైనా ఉన్నారేమోనని. మా వ్యాను విషయంలో అలాంటి వేడుకేమీ జరగలేదు. బుధవారం తెల్లవారి చూస్తే పద్నాలుగు పుటలూ పొడిపొడిగా ఉన్నాయి.

బుధవారం నల్లబల్ల తుడిచిన సుద్దపొడిని డబ్బాకెత్తి, ఇంజను చల్లారాక తుడిచి, హోసుపైపుల మీద, అతుకుల మీద, పంపు మీద పూసింది. చెమ్మ తగిలితే సుద్ద నల్లబడి దారి చూపిస్తుంది. మా వ్యాను మొహానికి పౌడరు రాసుకుని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది తప్ప ఎక్కడా చుక్క చూపించలేదు. గురువారం థర్మోస్టాటు ఊడదీసి, ప్రయోగశాలలో గిన్నెడు నీళ్ళలో వేసి కాచింది. నీళ్ళు ఇంత వేడెక్కగానే అది తెరుచుకుని రేడియేటరులోకి దారి ఇవ్వాలి. చెప్పిన వేడికి చెప్పినట్టు తెరుచుకుంది. ఇంజనాయిలు పుల్ల తీసి చూసింది: నీళ్ళు కలిస్తే పాలమీగడలా తెల్లబడుతుంది, తెల్లబడలేదు. పొగగొట్టం వెనక నిలబడి చూసింది: తెల్లపొగ లేదు. ఎందుకైనా మంచిదని రేడియేటరు మూత కూడా కొత్తది వేసింది. అయినా రోజూ నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. రెండురోజులకోసారి ఆరో కిలోమీటరు దగ్గరి ఎత్తు మీద మరుగుతూనే ఉన్నాయి. మరిగినప్పుడల్లా తాత దారిలో ఆపి, చల్లార్చి, మూత తీసి, బిందెడు నీళ్ళు పోసుకుని వచ్చేవాడు.

శనివారం ప్రధానోపాధ్యాయులు ఒక ఉత్తరం చెప్పి మంచిప్రతి రాయమన్నారు. వ్యాను బాధ్యతనుంచి ఆమెను తప్పిస్తున్నట్టు. తేదీ ఖాళీగా వదిలేయమన్నారు. అంత బాధతో అంత అందమైన దస్తూరీ నేను మునుపెన్నడూ రాయలేదు.

ఆదివారం ఆమె కడపటి పరీక్ష పెట్టింది. పిల్లలకు బదులు ఇసుకబస్తాలు వేసుకుని, తాతను, నన్ను, భర్తను, అత్తగారిని ఎక్కించుకుని పరీక్షాకేంద్రం దాకా పోయి వచ్చాం. రానూపోనూ ముప్పైఆరు కిలోమీటర్లు. వేడి చూపించే ముల్లు మధ్య గీత దగ్గర కుక్కిన పేనులా పడి ఉంది. దిగాక మూత తీస్తే నీళ్ళు పోసినవి పోసినట్టున్నాయి.

"ఈ బండికి జబ్బేం లేదు," అన్నాడు దర్జీ. "బడంటే పడదు, అంతే. పిల్లల్లాగే పొద్దున్న కడుపునొప్పి, ఆదివారం ఆటలు."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆదివారం సెలవు పుచ్చుకునే జబ్బు ఇనుముకు ఉండదని, మనుషులకే ఉంటుందని ఆమెకు అప్పుడే స్ఫురించి ఉండాలి. నాకు స్ఫురించలేదు.

ఆ సాయంత్రమే వచ్చి, తుప్పులో కలిసిపోని రంగేదైనా కావాలంది. గుర్తులు పెట్టుకోవడానికట. బోల్టుల మీద కాబోలనుకుని ఎర్రసిరా ఇవ్వబోయాను. తుప్పునీళ్ళూ ఎర్రగానే ఉంటాయని తల అడ్డంగా ఊపింది. అప్పుడు కార్యాలయం బీరువాలోంచి రబ్బరు ముద్రలకు వాడే ఊదారంగు సిరా, ఉన్నదొక్క బుడ్డీ తీసి ఇచ్చాను. బట్టకంటితే చాకిరేవులో కూడా వదలదని, చర్మానికంటితే వారం ఉంటుందని హెచ్చరించాను కూడా. "అంత మంచి సిరానా?" అంది, ముచ్చటగా బుడ్డీని ఎత్తి చూస్తూ.

సోమవారం, పద్నాలుగో తేదీ. ఏడుంపావుకు వ్యాను బయలుదేరింది. తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చింది. ఆరో కిలోమీటరు దగ్గర మళ్ళీ మరిగిందని తాత చావుకబురు చల్లగా చెప్పాడు. పిన్ని గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరింది. రేడియేటరు నీళ్ళలో తాను ఆరింటికి కలిపిన ఊదారంగు ఎక్కడ కనబడితే అక్కడ కారినట్టు. పైపుల మీద లేదు, పంపు మీద లేదు, అతుకుల్లో లేదు. మూత పక్కనుంచి కిందికి దిగే సన్నని గొట్టం మూతి దగ్గర మాత్రం ద్రాక్షరసం ఒలకబోసినట్టుంది. అంటే నీళ్ళు ఎక్కడా కారడం లేదు. మూత ఆపవలసినవాటిని ఆపక, మరిగించి, ఆ గొట్టంలోంచి సాగనంపుతోంది. మూత కొత్తది. తాత వేళ్ళు చూసింది, ఊదాగా ఉన్నాయి. కాని తాత దారిలో మూత తీసి నీళ్ళు పోశాడు కదా, ఆ వేళ్ళు సాక్ష్యానికి పనికిరావు.

అప్పుడామె నా గదికి వచ్చింది. నేను వ్యాకరణ పాఠానికి ఉదాహరణలు రాసుకుంటున్నాను. కుర్చీ చూపించాను. కూర్చోలేదు, నా చేతిని చూస్తోంది.

"మీ వేళ్ళకేమైంది మాస్టారూ?"

బొటనవేలూ చూపుడువేలూ ఊదాగా ఉన్న సంగతి నేను ప్రార్థన వేళకే గమనించి, కారణం తెలియక, సున్నిపిండితో కూడా రుద్ది ఓడిపోయి ఉన్నాను. "ముద్రలు వేశాను," అన్నాను.

"సిరాబుడ్డీ నిన్నటినుంచి నా దగ్గరుంటే?"

నలభైమంది పిల్లల అబద్ధాలు కళ్ళు చూసి పట్టేవాణ్ణి. ఒక అబద్ధం చెప్పడం ఇంత కష్టమని ఆనాడే తెలిసింది. చెప్పేశాను. ఫిబ్రవరిలో వ్యాను మొదటిసారి మరిగిననాటినుంచి నాకు మనసు మనసులో లేదు. వ్యాను బయలుదేరే లోపల, చీకటి షెడ్డులోకి వెళ్ళి, మూత తీసి, వేలుపెట్టి నీళ్ళున్నాయో లేదో చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసి వచ్చేవాణ్ణి. బడి ఉన్న రోజుల్లో, ప్రతిరోజూ. ఆమె మీద నమ్మకం లేక కాదు. ఆమె ఉద్యోగం మీద ఉన్న భయం చేత.

"ఎలా మూశారు? చూపించండి," అంది. షెడ్డుకు నడిచాం. ఇంజను చల్లారి ఉంది. మూతను మెల్లగా తిప్పాను. టిక్కుమంది. వదిలేశాను.

"అంతేనా?"

"అంతే. శబ్దము వినబడగానే విడువవలెను కదా."

ఆమె తలెత్తి గోడ మీది బోర్డు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ బోర్డు చూసింది. తరవాత మడ్‌గార్డు మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఒక్కసారి ఆగి, ఎటో చూస్తూ, మళ్ళీ మొదలుపెట్టింది. నా అమాయకత్వం అంత నవ్వు తెప్పించేదా అని నాకు కొంచెం కష్టమే కలిగింది.

రేడియేటరు మూతకు రెండు టిక్కులుంటాయి. మొదటిది మూత ఎగిరిపోకుండా. రెండోది ఆవిరిని లోపలే నొక్కిపట్టి ఉంచడానికి. అలా నొక్కిపట్టిన నీళ్ళు అంత తొందరగా మరగవు. అరచేత్తో కిందికి అదిమి తిప్పితేనే రెండోది పలుకుతుంది. మొదటి టిక్కు దగ్గర వదిలేసిన మూత మూసినట్టే కనబడుతుంది, తెరిచినట్టే పనిచేస్తుంది. నా వాక్యం కుళాయికి ప్రాణం పోసి వ్యానుకు తీసింది.

ఇంతలో ప్రధానోపాధ్యాయులు మా ఇద్దరినీ పిలుస్తున్నారని కబురు. మేం వెళ్ళేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. శనివారం నేను రాసిన ఉత్తరం, తేదీ వేసి, సంతకం చేసి, బల్ల మీద బోర్లించి ఉంది. దాన్ని ఎడమచేత్తో అందించారు. పాతికేళ్ళుగా పిల్లలకు ఏదైనా కుడిచేత్తో ఇవ్వమని చెప్పిన మనిషి.

"నేనేం చెయ్యగలనమ్మా? ఎల్లుండే పరీక్ష," అన్నారు, కిటికీతో.

ఆమె ఉత్తరం చదివింది. అడుగుదాకా వచ్చి, సంతకం దగ్గర ఆగింది. నేను పక్కనుంచి చూశాను. సంతకం పక్కన, నిండుగా, గీతలు లెక్కపెట్టడానికి వీలుగా, ఒక ఊదారంగు బొటనవేలి ముద్ర.

"సార్, నీళ్ళెక్కడ పోతున్నాయో దొరికిందండీ."

"దొరికిందా? ఎక్కడ?"

"మూడు చోట్ల సార్. ఒకటి తాత దగ్గర. ఒకటి ఇదిగో, ఈ మాస్టారి దగ్గర."

"మూడోది?"

ఆమె ఉత్తరాన్ని ఆయన వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. "ఇందులో ఉందండీ. మీరే చదివి చెప్పండి."

ఆయన చదివారు. చాలాసేపు చదివారు, అంత పొడుగు ఉత్తరం కాదది. చివరికి జేబులోని చెయ్యి బయటికి తీసి, దాన్ని ఎవరిదో చూసినట్టు చూశారు.

"నీళ్ళున్నాయో లేదోనని..." అన్నారు. "రోజూ ఒక్కసారే చూసేవాణ్ణి."

"చూడ్డం తప్పు కాదు సార్. మూయడంలోనే ఉంది."

ఆమె తాతను కూడా పిలిచి మా ముగ్గుర్నీ షెడ్డుకు తీసుకుపోయి రెండో టిక్కు నేర్పింది. తాత పేరు ఆమె ఊహించి చెప్పిందే, ఇప్పుడు ఆయన్నూ అడిగాం. పొద్దున్న బండి తియ్యబోయే ముందు ఆయనా మూత ఎత్తి చూసేవాడట. బడిలో ఉద్యోగం కనుక బడి బోర్డు ప్రకారమే మూసేవాడట. అంటే ప్రతి ఉదయం ఆరింటికి ఆమె సరిగ్గా మూసిన మూతను, గంటంపావు లోపల, ఒకరికి తెలియకుండా ఒకరం, ముగ్గురం వంతులవారీగా తెరిచి, ఎంతో శ్రద్ధగా సగం మూశామన్నమాట. మాలో ఏ ఒక్కరు కొంచెం తక్కువ బాధ్యత కలవారైనా మిగతా ఇద్దరూ ఉండనే ఉన్నారు.

ఉత్తరం ఏం చెయ్యాలన్న ప్రశ్న మిగిలింది. ప్రధానోపాధ్యాయులు గొంతు సవరించుకుని, మరక పడిన కాగితం దస్త్రానికి పనికిరాదని తీర్పు చెప్పారు. చించబోతుంటే ఆమె అడ్డుపడింది. తనకిమ్మంది. గుర్తుగా ఉంచుకుంటానంది. ఆయనకు ఇవ్వాలని లేదు, ఇవ్వననడానికి మొహమూ లేదు, ఇచ్చారు.

బుధవారం పొద్దున్న ఇరవైరెండు మంది పిల్లలు పెన్నులు, అట్టలు పట్టుకుని వ్యాను చుట్టూ నిలబడ్డారు. అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. పరీక్ష భయం సగం, వ్యాను భయం సగం. పిన్ని నీళ్ళు సరిచూసి, మూతను చేత్తో పట్టుకుని, అందరికీ వినబడేట్టు, "సార్, ఇవాళ్టినుంచి ఇది మీ పని. మీరే మూసి పంపించాలి," అంది. ఆయన ముందుకు వచ్చారు. ఆ మూడురోజులూ జేబు వదలని ఊదారంగు చెయ్యి పిల్లలందరి ఎదుటా బయటికి వచ్చి, మూత మీద అరచెయ్యి ఆనించి, అదిమి, తిప్పింది. ఒక టిక్కు. పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు. రెండో టిక్కు. ఏ ప్రార్థనకూ అంత నిశ్శబ్దం మా బడిలో నేను వినలేదు.

ఆయన కూడా వ్యానులోనే ఎక్కారు. ఆరో కిలోమీటరు ఎత్తు మీద, దిగనా వద్దా అన్నట్టు తలుపు పిడి పట్టుకుని కూర్చున్నారట. ముల్లు మాత్రం మధ్య గీత దాటలేదు. గంటకు పావుగంట ముందే చేరారు. తాత కేంద్రం గేటు ముందు హారను ఎంతసేపు కొట్టాడంటే, లోపలివాళ్ళు పరీక్ష మొదలైందనుకున్నారు. సాయంత్రం తిరిగి వచ్చాక మూత తీసి చూస్తే నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, ముచ్చటైన ఊదారంగులో. వ్యాను ఆమె చేతిలోనే ఉంటుందని ఈసారి కాగితం పుట్టింది. దానికీ మంచిప్రతి నేనే రాశాను. షెడ్డులోని బోర్డు కింద 'వ్యాను మూతకీ నియమము వర్తింపదు' అని చేర్చవచ్చునా అని ఆమెను అడిగాను. చేర్చమంది, నేను రంగు తెచ్చేలోపల సుద్దముక్కతో 'రెండు టిక్కులు' అని తానే రాసేసింది. నా రంగుడబ్బా మూత తీయనే లేదు.

తరవాత ఆరేళ్ళు ఆమె మా బడిలో ఉంది. భర్త దుకాణం వేరే ఊరికి మారినప్పుడు తానూ వెళ్ళిపోయింది. ప్రధానోపాధ్యాయులు పోయారు, తాత పోయాడు, వ్యాను తుక్కుకు పోయింది. పంతొమ్మిది వందల తొంభైఆరులో, నేను తరగతికి వెళ్ళబోతుండగా ఈ ఉత్తరం వచ్చింది. దీన్ని దిద్దలేదు. చెయ్యి రాలేదు.

'మాస్టారికి నమస్కారాలు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దుకుని చదువుకోండి, ఊదాసిరాతో వద్దు.

ఇక్కడ షెడ్డు పెట్టాను. ఈయన మిషను కూడా షెడ్డులోనే ఒక పక్కన పెట్టారు. మధ్యలో గీత గీశారు. అత్తగారు బాగున్నారు, గుండీల బదులు ఇప్పుడు నట్లు ఏరుతున్నారు, చెవులు సరిగ్గా వినబడట్లేదు గాని మాటలు మాత్రం తగ్గలేదు.

మీకో సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఫిబ్రవరిలో బండి మొట్టమొదట మరిగింది చూడండి, ఆ పొద్దున్న మీ బోర్డు అప్పుడే తగిలించారు. నేను నీళ్ళు పోసి మూత పెడుతుంటే సార్ పక్కన నిలబడి, "మెల్లగా అమ్మా, మెల్లగా" అన్నారు. బోర్డు చూశాను, ఆయన్ని చూశాను. చిన్నప్పటినుంచీ రెండో టిక్కు దాకా తిప్పిన చెయ్యి, ఆ ఒక్కరోజు మొదటి టిక్కు దగ్గర ఆగిపోయింది. మర్నాటినుంచి మామూలుగానే మూశాను, ఆ సంగతే మరిచిపోయాను. కానీ అది మరగబట్టే గదా మీ ముగ్గురికీ భయం పట్టింది, మూతలు తీయడం మొదలెట్టారు.

మీరు షెడ్డులో మూత మూసి చూపించినప్పుడు, మడ్‌గార్డు మీద కూర్చుని నవ్వాను, గుర్తుందా? మీ గురించి నవ్వాననుకున్నారు, మొహం ఇంత చేసుకున్నారు. సగం మీ గురించే. మిగతా సగం అప్పుడే నాకు గుర్తొచ్చింది. సార్ దగ్గర మూడు చోట్లన్నాను. నాలుగోది నేను. నాకు సిరా అంటలేదు, అంతే.

సార్ దగ్గర ఆ కాగితం అడిగి తీసుకున్నది గుర్తుకని చెప్పాను గాని, న్యాయంగా అది నాకు రావలసిందే కాబట్టి తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది. సార్ వేలిముద్ర ఇంకా వెలవలేదు, మీ అక్షరాలే కొంచెం వెలిశాయి. ఏమీ అనుకోకండి.

మొన్న ఇక్కడొక పెద్దాయన కొత్త కారు తెచ్చారు, ఊరికే మరుగుతోంది, ఎక్కడా కారడం లేదు, ఎవరికీ అంతుబట్టడం లేదన్నారు. మంచి చదువుకున్నాయన, మీలాగే నెమ్మదిగా మాట్లాడతారు. బానెట్టు ఎత్తకుండానే, ముందు చేతులు చూపించమన్నాను.'